ఆదివారం కారు

ఆయన పోయారని నాకు మత్తూరు బస్టాండులో తెలిసింది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి తండ్రి హోసూరు నుంచి వచ్చి, ఇంకో బస్సు కోసం నిలబడి ఉన్నాడు. వాన గురించీ మామిడి పూత గురించీ మాట్లాడి, మధ్యలో అన్నాడు.

“మీరు బాడుగకుండిన ఇంటాయన, ఫొటో స్టూడియో ఆయన, పోయినాడు గదా టీచరమ్మా. మీకు ఎవురూ చెప్పలేదా?”

చెప్పలేదన్నాను.

“అయ్యో, నెల దాటిపాయ. నిద్రలోనే పోయినాడంట.”

అతని బస్సు వచ్చింది. వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి తాళం తీశాక, ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను. ఆయన ఎక్కడ పుట్టారో, కెమెరా ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలియదు. అడగలేదు. నాకు తెలిసినవి ఆదివారాలే.

డెబ్బైల చివర నేను హోసూరులో తెలుగు బడికి టీచరుగా వచ్చాను. ఊరి బయట ఫ్యాక్టరీల కోసం నేల చదును చేస్తున్న రోజులు. వీధి వైపు స్టూడియో, దాని వెనక ఆయన ఇల్లు, మిద్దె మీద ఒక గది. ఆ గది నాకిచ్చారు. కింద ఆయన, భార్య, బడికి పోయే ఒక కూతురు. నేను ఆయన్ని అన్నా అనీ ఆమెను వదినా అనీ పిలిచేదాన్ని. వాళ్ళిద్దరూ నన్ను టీచరమ్మా అనే అనేవారు.

ఆయనకొక పాత ఫియట్ ఉండేది. వారమంతా పక్క సందులో గోనెపట్టా కప్పుకుని పడి ఉండేది. ఆదివారం పొద్దున ఆయన పట్టా దులిపే చప్పుడు మిద్దె మీదికి వినిపించేది. కాసేపటికి వదిన మెట్ల కింద నుంచి కేకేసేది. “టీచరమ్మా, చిత్రాన్నం కలిపినాను, రాండి. ఒక్కరే ఈడ కూచోని ఏం జేస్తారు?” నేను క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేదాన్ని. పాప ముందు సీట్ల మధ్య నిలబడేది. దూరం ఎప్పుడూ పోలేదు. శూలగిరి కొండ కింద, రాయకోట రోడ్డు, తళి వైపు చల్లటి తోపులు, కృష్ణగిరి డ్యామ్. పొద్దు గూకేలోపు ఇల్లు చేరేవాళ్ళం.

కారు నడిపేటప్పుడు ఆయన ఉన్నట్టుండి ఆపేసేవారు. ముందు ఒక మలుపో చెరువో కనిపించి ఉంటుందని మేం దిగేవాళ్ళం. మేమంతా కొండ వైపు చూస్తుంటే ఆయన కొండకు వీపు పెట్టి, మా మొహాల మీద పడుతున్న ఎండను చూసేవారు. వదినను తీసుకుపోయి ఏ పాత మండపం స్తంభం పక్కనో, చింతచెట్టు నీడ అంచునో నిలబెట్టేవారు. ఎప్పుడూ అదే తీరు. ఒక పక్క నుంచి వెలుతురు, ఇంకో పక్క నీడ. వాకిట్లో నిలబడిన మనిషి మీద పడ్డట్టు. దగ్గరికి పోయి మొహం ఒక్కటే తీసేవారు. కొండా నీళ్ళూ ఏవీ ఆ ఫొటోలోకి వచ్చేవి కావు.

“ఏమయ్యా, ఈ మూతి తీసేదానికి ఇంత దూరం రావాల్నా? మన మిద్దె మీదనే తీయగూడదా?” అనేది వదిన.

“మిద్దె మీద నీకు ఉప్పూ పప్పూ యాపకం వస్తాది. ఈడైతేనే నువ్వు నన్ను చూస్తావు.”

“సరెసరె, టీచరమ్మ ఉండాది. చాలు.”

అంటూనే తలెత్తి చూసేది. అంత తిన్నగా, అంత నెమ్మదిగా కెమెరాలోకి చూసిన ఆడమనిషిని నేను ఆ కాలంలో ఇంకెవరినీ చూడలేదు. ఇంటికి వచ్చిన కావలసినవాళ్ళను చూసినట్టు చూసేది.

ఫొటో తీసేముందు ఆయన చెప్పులు విడిచేవారు. ఎర్రటి ఎండలో కాలుతున్న బండ మీదైనా సరే, చెప్పులు పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో నిలబడి తీసేవారు. గొంతు తగ్గించి మాట్లాడేవారు. నవ్వమని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇంకొక సంగతి. దారిలో ఏ పల్లెలోనూ దిగేవారు కాదు. “రాప్పా, మజ్జిగ తాగి పోదువు” అని ఎవరైనా చెయ్యి ఊపితే, తల ఊపి, కారు ఇంకా తొందరగా నడిపేవారు. కారు కొన్నాక గర్వం వచ్చిందని కొందరు అనుకున్నారు.

చెప్పులు విడవడం ఎక్కడి అలవాటో నాకు మెల్లగా తెలిసింది. ఆయన బతుకుతెరువులో సగం చావు ఇళ్ళు. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్ళు పోతే, ఎత్తేముందు కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ కొడుకులూ కోడళ్ళూ నిలబడి ఫొటో తీయించుకునేవారు. మగవాళ్ళకు బతికి ఉండగా ఏదో ఒక ఫొటో ఉండేది, సంతలోనో, ఏ పనికో అర్జీ పెట్టినప్పుడో తీసింది. ఆడవాళ్ళకు అదీ ఉండేది కాదు. చనిపోయాక తీసిందే మొదటిదీ చివరిదీ. దాన్ని గోడకు పెట్టాలంటే కళ్ళు మూసుకుని ఉంటే బాగుండదు. అందుకని ఆయన ఆ మొహాన్ని పెద్దది చేసి, కళ్ళు తెరిపించి ఇచ్చేవారు. ఆ పనికి హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఆయన పేరే చెప్పేవారు. సన్న బ్రష్షుతో రాస్తారని అందరం అనుకునేవాళ్ళం. వదిన కూడా అలాగే అనుకుంది.

ఆ ఇళ్ళకు ఆయన ఫియట్ తీసుకుపోలేదు. వాళ్ళు పంపిన బండిలో పోయేవారు, లేకపోతే బస్సులో. కారు ఆదివారానికే.

ఒక ఆదివారం మామిడి తోటలు చూద్దామని వేప్పనపల్లి వైపు పోయాం. ఆ దారి వద్దని ఆయన రెండుమూడు సార్లు అన్నారు. పాప పట్టుబట్టింది. ఊరు దాటి కొంత దూరం పోగానే ఇంజను వేడెక్కి పొగ కక్కింది. నీళ్ళు కావాలి. పక్కనే ఒక పల్లె.

“మీరు కార్లోనే ఉండండి. నేను పోయి తెస్తాను” అన్నారు ఆయన.

“పాపకు దాహమైతా ఉండాది. ఆ ఇంట్లో అడుగుతాము” అని వదిన అప్పటికే దిగేసింది. నేనూ పాపా వెనకే పోయాం. ఆయన బానెట్ ఎత్తి దాని వెనక నిలబడిపోయారు.

ఆ ఇంటి కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. నవ్వు మొహం. చెంబు అందిస్తూ వదిన వైపు చూసింది. చెయ్యి అక్కడే ఆగింది.

“ఏ ఊరమ్మా మీది?”

“హోసూరు.”

“మా అత్త మాదిరే చూస్తా ఉండారే!” అంది. లోపలికి తిరిగి కేకేసింది. “ఏమయ్యో, ఈడికి రా. బిరబిరా రా. ఈయమ్మను చూడు.”

మొగుడు వచ్చాడు. ఆ వాకిట్లో నుంచే లోపలి గోడ కనిపిస్తోంది. దాని మీద దండ వేసిన ఫొటో. ముడతలు పడ్డ ముసలావిడ, పెద్ద బొట్టు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. ఆ ముడతల మధ్య నుంచి వదిన చూస్తోంది. నాకు ఇంకొకలా చెప్పడం రాదు. రాయకోట రోడ్డు మండపంలో, పక్క వెలుతురులో, తలెత్తి చూసిన చూపు అది. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

వదిన ఫొటోను చూసింది. చెంబు నాకిచ్చింది.

ఈలోపు మంచం మీద పడుకున్న ముసలాయన లేచి, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

“వస్తివా?” అన్నాడు.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. “నాయనా, ఆయమ్మ హోసూరామె” అని కొడుకు అంటున్నా ఆయన వినిపించుకోలేదు.

“ఆ పొద్దు నువ్వు నన్ను పిలిస్తివంట గదా. నేను లేకపోతిని. నీకు మందు తెద్దామనే కదా సంతకు పోయింది. రానేలేదని అనుకొంటివా?”

వదిన ఒకసారి కారు వైపు చూసింది. బానెట్ వెనక ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ముసలాయన చెయ్యి పట్టుకుంది.

“తెలుసులే. నేనేమీ అనుకోలేదు. పో, పోయి పండుకో” అంది.

ముసలాయన తల ఊపి, వచ్చినట్టే గోడ పట్టుకుని లోపలికి పోయాడు. కోడలు వదిన కాళ్ళకు మొక్కింది. బొట్టు పెట్టి, ఒళ్ళో పూలూ, రవిక గుడ్డా పెట్టింది. కొడుకు కారు దగ్గరికి పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “నువ్వు చేసింది మరిచిపోలేమప్పా. ఆ ఫొటో లేకుంటే మా నాయన ఎప్పుడో పోయుండు.” ఆయన నేల చూస్తూ, “నీళ్ళు చాలు, నీళ్ళు చాలు” అన్నారు.

తిరుగుదారిలో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. వదిన ఒళ్ళో ఆ పూలు అలాగే ఉన్నాయి.

“ఇంకా ఎన్ని ఇండ్లల్లో ఉండాను నేను?” అంది.

ఆయన గేరు మార్చారు. “బ్రష్షుతో రాస్తే బొమ్మ మాదిరి ఉంటాదే. పానం రాదు. నీ ఫొటోలో నుంచి కత్తిరించి అంటించి, దాన్ని మళ్ళా ఫొటో తీస్తాను. ఆ ఇండ్లల్లో వాకిలి పక్క నుంచి వస్తాది వెలుతురు. దానికి సరిపోవాల గదా.”

“అడిగింది అది గాదు.”

“లెక్క పెట్టలేదు.”

కొంచెం దూరం పోయాక ఆయనే మళ్ళీ మొదలుపెట్టారు. అంత మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. “స్టూడియోకు వచ్చే ఆడోళ్ళు లైటు చూసి బెదురుకొంటారు. ఆ కండ్లు తెచ్చి ఒకరి తల్లికి పెడితే పిల్లోళ్ళు జడుసుకొంటారు. నువ్వు చూస్తే, రాండి, కూచోండి అన్నట్టుంటాది. అట్ల చూసేవాళ్ళు ఇంకెవురూ లేరు నాకు. అందుకే.”

“నేను చూసింది నిన్ను గదయ్యా” అంది వదిన.

గురుబరపల్లి దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాం. లారీల చప్పుడులో ఇంక మాట్లాడే పనిలేకుండా పోయింది.

వచ్చే ఆదివారం కారు తీయరేమో అనుకున్నాను. తీశారు. వదిన చిత్రాన్నం కలిపింది, నన్ను పిలిచింది, ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది. శూలగిరి దగ్గర ఆయన ఆమెను నీడ అంచున నిలబెట్టారు. చెప్పులు విడిచారు. కెమెరా ఎత్తారు. ఆమె రెప్పలు దిగిపోయాయి.

“పైకి చూడు.”

ఆమె చూడలేదు. ఆయన ఎదురుచూశారు. నీడ ఆమె భుజం మీదికి వచ్చింది. చివరికి అలాగే తీశారు.

ఆ తర్వాత అదే. ఏళ్ళ తరబడి అదే. ఆమె అలిగిందని చెప్పలేను. మాట్లాడేది, తిట్టేది, ఆయన పళ్ళెంలో రెండోసారి వడ్డించేది. కెమెరా లేస్తే మాత్రం రెప్పలు దిగేవి. ఆయన మానలేదు. కొత్త చోట్లు వెతికేవారు. డెంకణికోట దాటి అడవి అంచు దాకా పోయాం. క్షమించమని ఆయన నోటితో అని ఉంటారని నేను అనుకోను. కారు తీయడమే ఆయన అడగడం.

కళ్ళు తెరిపించే పని మానేశారు. అది ఊరికి నచ్చలేదు. ఒకాయన తల్లి ఫొటో పట్టుకుని స్టూడియో మెట్ల మీద నిలబడి గొడవ పెట్టడం మిద్దె మీదికి వినిపించింది.

“ఏమప్పా ఇది? మా యమ్మ నిద్రపోతా ఉన్నట్టుండాది. దీనికి దండ ఎట్ల వేసేది? ఊరందరికీ తెరిపిస్తివి, మా యమ్మ ఏం పాపం చేసె?”

“చేత గాదప్పా ఇంక. చూపు ఆనలేదు నాకు.”

“చూపు ఆనకుంటే కారెట్ల తోల్తా ఉండావు?”

ఆయన చూపుకు ఏ లోపమూ లేదు.

ఒకసారి ఆయన మెట్ల కింద నన్ను ఆపారు. “టీచరమ్మా, మీరన్నా ఒక మాట చెప్పండి. ఇప్పుడు తీసేది ఎవురికీ కాదు. ఇంట్లో పెట్టుకొనేదానికే.” నేను వదినకు చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది.

“తెలుసు టీచరమ్మా. నేను పట్టుబట్టి మూసుకొనేది గాదు. ఆ పెట్టె ఎత్తినాడంటే దాని వెనకాల ఆయన కనపడడు నాకు. ఎవురో ముసలామె కుర్చీలో కూచోని ఉంటాది. నా కండ్ల కోసరం కాచుకోని ఉంటాది. నేనేం జేసేది?”

ఆయన ఆమెను ప్రేమించారా, ఆమె చూపును వాడుకున్నారా అని చాలాసార్లు అనుకున్నాను. రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు. ఎండలో నిలబెట్టిన కారు సీటు కాలుతుంది. ఆమె ఎక్కేముందు ఆయన తడి తువ్వాలుతో ఆ సీటు తుడిచి, చెయ్యి ఆనించి చూసి, అప్పుడు పక్కకు తప్పుకునేవారు. ఆ పని చేసినంతసేపూ ఆమె వైపు చూసేవారు కాదు. ఆయన మనుషుల్ని ఊరికే చూడడం నాకు గుర్తు లేదు. భోజనం దగ్గర పళ్ళేన్ని చూసేవారు, మాట్లాడేటప్పుడు గోడను చూసేవారు. చూడవలసింది ఉంటే కెమెరా తీసుకునేవారు.

నాకు మత్తూరుకు బదిలీ అయిన సంవత్సరం. అప్పటికి పాప బెంగుళూరులో హాస్టల్లో ఉంది. ఒక ఆదివారం ముగ్గురమే కృష్ణగిరి డ్యామ్‌కు బయలుదేరాం. దారి సగం అయ్యాక వదిన ఆయన మెడ వైపు చూసింది.

“కెమెరా యాడ?”

“ఇంట్లోనే పెట్టొస్తిని.”

“ఎందుకు?”

“ఊరికే.”

ఆమె కిటికీ బయటికి తిరిగింది. తర్వాత కొంగు సర్దుకుంది. కాసేపటికి నాతో పాప గురించి మాట్లాడడం మొదలుపెట్టింది, ఏదో తమాషా చెప్పి తనే నవ్వింది. ఆయన అద్దంలో వెనక రోడ్డు చూసుకుంటూ నడిపారు.

డ్యామ్ దగ్గర జనం పలచగా ఉన్నారు. పొద్దు వాలుతోంది, నీళ్ళ మీద నుంచి వెలుతురు ఒక పక్కగా వస్తోంది. ఆయన చేతులు ఏం చేయాలో తెలియనట్టు జేబుల్లో పెట్టారు, తీశారు, వెనక్కి కట్టుకున్నారు. పిట్టగోడ పక్కన కాసేపు నడిచాం. ఉన్నట్టుండి వదిన ఆగింది.

“ఏమయ్యా, యాడ నిలుచుకొనేది?”

ఎన్నో ఏళ్ళుగా ఆమె అడగని మాట. ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి చాచి గోడ పక్కన ఒక చోటు చూపించారు. ఆమె పోయి నిలబడింది. ఆయన కొన్ని అడుగులు వెనక్కి వేశారు. నేను దూరంగా జరిగాను.

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. తిన్నగా, నెమ్మదిగా. కాస్త నెరిసిన జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోలేదు. నేను దూరం నుంచే చూపు తిప్పుకోలేకపోయాను.

ఆయన రెండు చేతులూ ఛాతీ దాకా లేచాయి. అక్కడ ఏమీ లేదు. ఆ చేతులు అలాగే కొంచెంసేపు ఉన్నాయి. ఆయన ఆమె మొహం వైపు చూశారు. తర్వాత ఆమె భుజం వైపు. తర్వాత వెనక నీళ్ళ వైపు.

“ఎండ బాగలేదు” అన్నారు.

అని తిరిగి కారు దగ్గరికి వెళ్ళిపోయారు. ఎండ బాగానే ఉంది.

వదిన అక్కడే ఇంకొంచెంసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. “పోదాం పా టీచరమ్మా. చలి పెడతా ఉండాది” అంది. మేం వెళ్ళేసరికి ఆయన ఆమె సీటు తుడుస్తున్నారు. అప్పుడా సీటు వేడిగా లేదు.

మరుసటి ఆదివారం మెట్లు దిగి వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. కెమెరా ఆయన మెడలో ఉంది. వదిన తల వంచుకుని ఎక్కి కూర్చుంది. ఆయన తలుపు మెల్లగా వేశారు.